అప్పగింతల రికార్డు

ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకంటే లేదు. ఇరవై ఏళ్లుగా సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. మా ల్యాబ్ గోడకు అవతలే మార్చురీ. కొత్తగా వచ్చిన నర్సులు ఆ వరండాలో ఒంటరిగా నడవడానికి జంకితే, "చచ్చినోళ్లు ఏం జేస్తరు, బతికున్నోళ్లకు భయపడుండ్రి" అని ఆట పట్టించేదాన్ని. మెడలో తాయెత్తు కట్టుకున్న వాచ్‌మన్ నన్ను చూస్తే అది కనబడకుండా చొక్కా గుండీ పెట్టుకునేవాడు. నాకు నోరెక్కువ అని అందరూ అంటారు, నిజమే.

చూసింది చూసినట్టు రాయడం నా ఉద్యోగం. ఇదీ అలాగే రాస్తున్నాను. అర్థం కాని చోట అర్థం కాలేదనే రాస్తాను.

మా బాపు మైక్‌సెట్ నడిపేవాడు. నార్కట్‌పల్లికి ఆరు కిలోమీటర్ల లోపలి ఊరు మాది. చుట్టుపక్కల పది ఊళ్లలో పెళ్లయినా, పీర్ల పండుగయినా, బోనాలయినా మైకు బాపుదే. ఇంట్లో రెండు వందల దాకా రికార్డులు ఉండేవి. ప్రతి రికార్డు మధ్య కాగితం మీద తెల్ల పెయింటుతో తన పేరు రాసుకునేవాడు. నాకు చదవడం రాకముందే ఆ కాగితాల రంగు చూసి ఏ పాటో చెప్పేదాన్ని. అమ్మ పట్టు జాకెట్టు ఒకటి చింపి ఆ గుడ్డతో రికార్డులు తుడిచేవాడు. ఆ జాకెట్టు కోసం అమ్మ ఏళ్ల తరబడి తిట్టింది.

యాంప్లిఫయర్ వేడెక్కితే ఒక వాసన వచ్చేది. కాలిన దుమ్మూ, లక్కా కలిసిన వాసన. ఇప్పటికీ ఏదైనా పాత టీవీ వెనక ఆ వాసన తగిలితే నాకు బోనాల పొద్దు గుర్తొస్తుంది.

ఆ రికార్డుల్లో ఒకటి అప్పగింతల రికార్డు. ఒక వైపు ఒకే పాట ఉండే చిన్న ప్లేటు. పెళ్లిపిల్లను అత్తగారింటికి సాగనంపేటప్పుడు బాపు అది వేసేవాడు. దాని మొదటి మాట మైకు గొట్టంలోంచి రాగానే ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకునేవారు. పాట చివర్లో సన్నాయి వస్తుంది. సన్నాయి తర్వాత ఇంకో అర నిమిషం పాట ఉంటుంది. కానీ సన్నాయి మొదలు కాగానే బాపు రికార్డు మీది ముల్లు ఎత్తేసేవాడు. అప్పగింతలు అరగంట సాగితే పాటను మళ్లీ మొదటి నుంచి వేసేవాడు, మళ్లీ అక్కడే ఎత్తేవాడు.

ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "పాట మిగలాలె బిడ్డా. మిగిలితె పిల్ల మల్ల పుట్టింటికొస్తది. చివరిదాక ఒడగొడితె ఇగ ఆ ఇంటికి ఆమెకు తెగినట్టే" అన్నాడు. వేరే ఊళ్ల మైకువాళ్లు ఇలా చేసేవారో లేదో నాకు తెలియదు. మా దిక్కు మాత్రం పెళ్లివాళ్లు బాపు పక్కన నిలబడి మరీ చూసుకునేవారు. ముసలమ్మలైతే "నర్సయ్యా, పైలం" అని ముందే హెచ్చరించేవారు.

ఎత్తడంలో బాపుకు ఒక పద్ధతి ఉండేది. కుడిచేతి ఉంగరం వేలితో ముల్లు కింద తట్టి, బొటనవేలితో పట్టి ఎత్తేవాడు. అందుకని గొట్టంలో ముందు చిన్న గీత చప్పుడు, వెంటనే టప్పుమని ఇంకో చప్పుడు వచ్చేది. నేనూ అక్కా ఆ రెండు చప్పుళ్లు వింటూ పెరిగాం.

అక్క పేరు సుశీల. నాకంటే ఏడేళ్లు పెద్దది. పంతొమ్మిదో ఏట ఆమె ఎవరికీ చెప్పకుండా యేసోబు బావను పెళ్లి చేసుకుంది. బావ లారీ మీద క్లీనర్‌గా పని చేసేవాడు. వాళ్లది మా ఊరే, కానీ చర్చి పక్క వాడ. ఆ వాడ వాళ్లు మా ఇంటి అరుగు మీద కూర్చునే కాలం కాదది. నాకు సిగ్గుగా ఉంది కాని ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కదా.

పెళ్లయిన మూడో రోజు పొద్దున అక్కా బావా దండలతోనే మా ఇంటికి వచ్చారు. కాళ్లు మొక్కి పోదామని వచ్చారు. అంతకు ముందే ఎవరో కబురు చెప్పారు. బాపు నిచ్చెన వేసుకుని ఇంటి కప్పు మీద రెండు గొట్టాలు కట్టాడు. అక్క గల్లీ మలుపు తిరగగానే అప్పగింతల రికార్డు పెట్టాడు.

అక్క మొదట నవ్వింది. నేను గుమ్మంలో ఉన్నాను, చూశాను. తనకూ అప్పగింతలు చేస్తున్నాడు అనుకుంది పిచ్చిది. సన్నాయి వచ్చింది. బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా వింటుండగా ఆ అర నిమిషం పాట మొదటిసారి గొట్టంలోంచి వచ్చింది. పాట అయిపోయి రికార్డు గరగరమంటూ తిరుగుతూనే ఉంది, బాపు ఎత్తలేదు.

అక్క మైకు నర్సయ్య బిడ్డ. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత బాపు ఆ రికార్డును ఏ పెళ్లిలోనూ వేయలేదు. పోయిందని చెప్పేవాడు. కొన్నాళ్లకు మా దిక్కు మైకువాళ్లంతా క్యాసెట్లకు మారారు, బాపు మైక్‌సెట్ మూలబడింది. బావ నార్కట్‌పల్లి హైవే మీద చిన్న హోటల్ పెట్టాడు. నేను బస్సు మారేటప్పుడు అక్కడ దిగి అక్క చేతి చాయ్ తాగేదాన్ని. బాపు గురించి నేను చెప్పేదాన్ని, ఆమె వినేది, అంతే. అమ్మ చనిపోయినప్పుడు కూడా కాష్ఠం దగ్గరికి వచ్చి దూరంగా నిలబడింది కాని ఇంట్లో అడుగు పెట్టలేదు.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పోయింది. మాట కూడా పోయింది. నల్లగొండలో మా కిరాయి ఇంటికి తీసుకొచ్చాను. మా ఆయనకు ఉద్యోగం మిర్యాలగూడలో, శనివారం వచ్చి సోమవారం పోయేవారు. మా వాడు హాస్టల్లో. నేను డ్యూటీకి పోతే పైన ఉండే ఓనరమ్మ గంటకోసారి తొంగి చూసేది. మిగతా అంతా నేనే. తినిపించడం, కడగడం, పక్క మార్చడం, పుండ్లకు మందు రాయడం. పధ్నాలుగు నెలలు.

మాట తిరిగి రావచ్చని డాక్టరు ఒకసారి అన్నాడు. రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చుని చిన్న పిల్లలకు నేర్పినట్టు నేర్పేదాన్ని. "నీళ్లు అను బాపూ. నీళ్లు." నోరు కదిలేది, గొంతులో ఏదో చప్పుడు వచ్చేది, మాట వచ్చేది కాదు. ఒక్క మాట వస్తే చాలు అనుకుంటూ ఆ నెలలన్నీ గడిపాను. విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి, ఎందుకు దాచాలి.

ఊరి నుంచి తెచ్చిన ట్రంకు పెట్టెను ఎడమ చేత్తో చూపించి ఒకటే మూలిగేవాడు. తెరిచి చూస్తే రికార్డులు. చాలామటుకు వంకరపోయాయి. అడుగున తువ్వాలలో చుట్టి అప్పగింతల రికార్డు కనిపించింది. పోయిందన్నది అబద్ధమన్నమాట.

రికార్డులతో పాటే పెట్టెలో ఉన్న పాత ప్లేయర్‌ను గడియారం సెంటర్ దగ్గర పాత రేడియోలు బాగుచేసే చాచాకు ఇచ్చాను. కొత్త బెల్టు, కొత్త ముల్లు వేసి, ఒక చిన్న స్పీకర్ తగిలించి ఇచ్చాడు. "ఇది దానంతట అది ఆగేది కాదు బిడ్డా. పాట అయినంక నువ్వే ఎత్తాలె, లేకుంటె ముల్లు ఖరాబయితది" అని రెండు సార్లు చెప్పాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి అని చెప్పను, నేనే మర్చిపోలేకుండా ఉన్నాను.

ఇంకే రికార్డు పెట్టినా బాపు తల అడ్డంగా తిప్పేవాడు. చివరికి అప్పగింతలది పెట్టాను. నాకు ఇష్టం లేదు, అయినా పెట్టాను. మధ్యాహ్నం మూడు దాటింది. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయాను. పాట వినిపిస్తూనే ఉంది. సన్నాయి మొదలైంది. చిన్న గీత చప్పుడు, వెంటనే టప్పుమంది. తర్వాత నిశ్శబ్దం.

కరెంటు పోయిందనుకున్నాను. వచ్చి చూస్తే ప్లేటు తిరుగుతూనే ఉంది. ప్లేయర్‌కు ముల్లు ఉండే చెయ్యి పక్కన దాని స్టాండు మీద కూర్చుని ఉంది. ఆ స్టాండుకు ఒక క్లిప్పు ఉంటుంది, నొక్కితేనే పడుతుంది. అది కూడా పడి ఉంది. బాపు మంచం అక్కడికి ఆరడుగుల దూరం. మంచానికి రెండు వైపులా కమ్మీలు. ఆయన కళ్లు మూసుకుని పడుకున్నాడు.

ఓనరమ్మ వచ్చిపోయిందేమో అనుకున్నాను. అడిగితే చెల్లెలింటికి పోయి అప్పుడే వచ్చానంది.

సరే, పరీక్ష చేద్దాం అనుకున్నాను. ఆ వారం ఏడు సార్లు వేశాను. వేరే రికార్డులు నాలుగు, ఇది మూడు. వేరేవి నాలుగూ చివరిదాకా పాడి గరగరమన్నాయి. ఇది మాత్రం మూడు సార్లూ సన్నాయి దగ్గర ఆగింది. ఒకసారి ప్లేయర్ చెయ్యికి టాల్కం పౌడర్ రాసి వంటింట్లోకి పోయాను. వచ్చి చూస్తే ఒక చోట పౌడర్ చెదిరి ఉంది. బాపు చేతులు చూశాను. పడిపోయిన కుడిచేతి ఉంగరం వేలికి పౌడర్ ఉంది. కాని స్నానం చేయించాక రోజూ ఆయనకు రాసే పౌడర్ కూడా అదే. కాబట్టి దాన్ని సాక్ష్యం కింద లెక్కపెట్టను.

కళ్లప్పగించి చూద్దామని ఒక రోజు కుర్చీ వేసుకుని ఎదురుగానే కూర్చున్నాను. సన్నాయి మొదలయ్యే సమయానికి కరెంటు పోయింది. రాష్ట్రం వచ్చాక కరెంటు పోవడమనేదే మర్చిపోయాం, ఆ రోజే పోవాలా. ప్లేటు నెమ్మదించి పాట బొంగురుపోయి ఆగింది. నిమిషం తర్వాత కరెంటు వచ్చింది. ఎందుకో మళ్లీ చూడబుద్ధి కాలేదు. భయమా అంటే, అవును, అప్పుడు కొంచెం భయం వేసింది.

ఆ నెలలోనే డాక్టరు గుండె బలహీనంగా ఉందని, ఎక్కువ రోజులు ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. దవాఖానలో పని చేసేదాన్ని, నాకు తెలియని సంగతేం కాదు. ఇక అక్కను తీసుకురావాలి. బాపు కళ్లు మూసేలోపు ఆమె ఒక్కసారి గడప తొక్కాలి. ఆయన కోసమా, అక్క కోసమా అంటే చెప్పలేను, బహుశా నా కోసమే. వీళ్లిద్దరి మధ్య కబుర్లు మోసీ మోసీ నేను అలసిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. మా ఆయన ఆ వారం రాలేదు.

"అక్కా, బాపుకు బాగలేదు. ఇయ్యాల రా."

"ఎట్లొస్త చెల్లె. పాట ఒడగొట్టిండు గద."

"ఎప్పటి ముచ్చట అక్కా అది. పాతికేండ్లయింది."

"నీకు పాతికేండ్లు. నాకు రోజూ అదే పొద్దు" అంది అక్క. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పోట్లాడేదాన్ని.

నాకే కోపం వచ్చింది. ఆ పాట ఇప్పుడు ఒడవట్లేదు అక్కా, నువ్వే విను అని ఫోన్ స్పీకర్‌లో పెట్టి ప్లేయర్ పక్కన ఆనించాను. రికార్డు పెట్టాను. అవతల అక్క "వద్దే, వద్దు" అంటోంది. అంతలో బాపుకు పొలమారింది. పరుగెత్తి ఆయనను పక్కకు తిప్పి వీపు నిమురుతున్నాను. నా రెండు చేతులూ ఆయన మీదే ఉన్నాయి. ఆయన కుడిచెయ్యి నా ఒళ్లో ఉంది.

నా వెనక సన్నాయి మొదలైంది. గీత చప్పుడు. టప్.

వెంటనే తిరగలేదు. బాపు దగ్గు తగ్గాక లేచి చూశాను. ముల్లు స్టాండు మీద ఉంది. ఫోన్ తీసి "విన్నవా అక్కా" అన్నాను. తెర నల్లగా ఉంది. చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది.

చార్జర్ పెట్టి అయిదారు నిమిషాలు ఆగి ఆన్ చేశాను. అక్కకు ఫోన్ చేస్తే బిజీ వచ్చింది. కొంచెంసేపు ఆగి మళ్లీ చేశాను, మళ్లీ బిజీ. హోటల్ సరుకుల వాళ్లతో మాట్లాడుతోందేమో, ఆమె పని ఆమెకు, అని విసుక్కుని బాపుకు జావ తాగించాను.

అయిదున్నరకు గేటు చప్పుడైంది. బావ మోటార్ సైకిల్ ఆపుతున్నాడు. అక్క దిగి నడవట్లేదు, ఉరుకుతోంది. చేతులకు పిండి అలాగే ఉంది. గడప దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఊరి ఇల్లు కాకపోయినా, బాపు ఉన్న ఇంటి గడప ఆమె తొక్కాలని నేను పాతికేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. లోపలికి పోయి బాపు కాళ్ల మీద పడింది.

"వచ్చిన బాపూ. నువ్వు రమ్మంటివి, వచ్చిన" అంది.

బాపు ఎడమ చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. నోరు కదిలింది. ఎప్పటిలాగే చప్పుడు తప్ప మాట రాలేదు. ఆమె ఏడుపులో ఏదో అంటోంది అనుకున్నాను, ఆ మాటను పట్టించుకోలేదు.

ఆ తర్వాత బాపు తొమ్మిది రోజులు బతికాడు. అక్క హోటల్ బావకు వదిలేసి ఇక్కడే ఉంది. నా చేత్తో పెడితే సగం ఉమ్మేసే మనిషి ఆమె పెడితే గిన్నె ఖాళీ చేసేవాడు. బావ ఒక సాయంత్రం వచ్చి గడ్డం గీశాడు. బాపు మెడ చాచి గీయించుకున్నాడు. బావ బయటికి వచ్చి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున పది గంటలకు, మేమిద్దరం పక్కనే ఉండగా, బాపు పోయాడు. ఏ బాధా పడలేదు.

దినాలు అయిపోయాక ఇల్లు సర్దుకుంటూ మాట్లాడుకుంటున్నాం. ముల్లు చప్పుడు వినే వచ్చావు కదా అన్నాను. అక్క నా మొహం వింతగా చూసింది.

"చప్పుడు విన్న. గది బాపు వేలే అని ఎరుకైంది. కానీ గందుకు రాలే. ఆయన మాట్లాడిండు గద, గందుకొచ్చిన."

"ఎవరు మాట్లాడిండ్రు?"

"బాపు. పాట ఆగినంక ఫోన్ల. నువ్వే ఇచ్చినవ్ అనుకున్న."

నేను గట్టిగా నవ్వాను. నవ్వు నాకే బాగా అనిపించలేదు. పధ్నాలుగు నెలలుగా మాట లేని మనిషి అక్కా, ఫోన్ చచ్చిపోయింది అక్కా అని చెప్పాను. ఆమె తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నా ఫోన్ కూడా తీశాను. ఆ ఆదివారం నేను చేసిన కాల్ రెండింట్లోనూ ఉంది. నా దాంట్లో ఆరు నిమిషాలు. ఆమె దాంట్లో ఇరవై రెండు నిమిషాలు.

ఫోన్ల షాపతన్ని అడిగాను. ఒక పక్క ఆగిపోయినా అవతల కాసేపు కాల్ నడుస్తున్నట్టు చూపించొచ్చు మేడం, కానీ అంతసేపు ఉండదు అన్నాడు. బావను విడిగా అడిగాను. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు, ఎక్కువ మాట్లాడే మనిషీ కాదు. అక్క పొయ్యి ముందు ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఏడుస్తూ "ఆఁ బాపు, ఆఁ బాపు" అంటోందని, నూనె మాడుతుంటే తనే పొయ్యి బంద్ చేశానని చెప్పాడు. అవతలి మాట తనకు వినిపించలేదన్నాడు.

ఆ తర్వాత ఆ రికార్డును చాలాసార్లు వేసి చూశాను. సన్నాయి దాటి, ఆ అర నిమిషమూ పాడి, చివరిదాకా పోయి గరగరమంటుంది. ఒక్కసారి కూడా ఆగలేదు. చాచాకు ప్లేయర్ మళ్లీ చూపించాను. ఏ లోపమూ లేదన్నాడు.

ఫోన్లో ఏమన్నాడక్కా అని, ఫోన్లు రెండూ పక్కపక్కన పెట్టి చూసిన రోజే అడిగాను. "అప్పటి లెక్కనే మాట్లాడిండు. తిన్నవా బిడ్డా అన్నడు. పిల్లలు సదువుతున్నరా అన్నడు. తప్పయింది, ఇంటికి రా అన్నడు" అంది. ఇంకా ఏమన్నాడు అంటే "చానా అన్నడు చెల్లె" అని లేచి బియ్యం కడగడానికి పోయింది.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ ఇరవై రెండు నిమిషాలకు లెక్క కూడా చెప్పలేను. అక్క ఇప్పుడు నెలకోసారి వచ్చి రెండు రోజులుండి పోతుంది. వచ్చిన ప్రతిసారీ అడుగుదామనుకుంటాను. పధ్నాలుగు నెలలు ఆయన ఒళ్లు కడిగింది నేను. అన్ని మాటల్లో నా ముచ్చట ఒక్కటైనా తీశాడా అని. ఆమె లేదంటే తట్టుకోలేను, ఉందంటే నమ్మలేను. అందుకే ఇంతవరకూ అడగలేదు.